వెల్డరుగానే ఉండడం మేలా, సూపర్‌వైజర్ కావడం మేలా?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో పైపులైన్ల మీద పనిచేసే వెల్డరుకు పది పన్నెండేళ్ల అనుభవం వచ్చేసరికి, కంట్రాక్టరు ఏదో ఒక రోజు పక్కకు పిలిచి, వచ్చే నెల నుంచి సూపర్‌వైజరుగా చూసుకొమ్మని అంటాడు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మా ఉద్దానం ఊళ్లలో ప్రశ్నే కాదు; పెళ్లి సంబంధం మాట్లాడేచోట వెల్డరు అన్న మాటకూ సూపర్‌వైజరు అన్న మాటకూ దక్కే మర్యాదలో ఎంత తేడా ఉందో అందరికీ తెలుసు. నేను పదకొండేళ్లు వెల్డింగు చేసి, నాలుగేళ్లు సూపర్‌వైజరుగా ఉండి, మళ్లీ వెల్డింగు టార్చి పట్టుకున్నవాణ్ణి కాబట్టి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

ముందు చేతిపని సంగతి. రెండంగుళాల స్టెయిన్‌లెస్ పైపును టిగ్ పద్ధతిలో, అంటే టంగ్‌స్టన్ మొనతో మంట పుట్టించి, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువును కాపు పెట్టి అతికేటప్పుడు బయట ఎంత నేర్పు చూపినా, పైపు లోపల ఆర్గాన్ వాయువు సరిగా నిండకపోతే జాయింటు లోపలి అంచు మాడిన బెల్లం పాకంలా నల్లగా, గరుకుగా తయారవుతుంది. అలాంటి పైపులో మందు సరుకు పోనివ్వరు, కోసి మళ్లీ చేయవలసిందే. సరిగా కుదిరితే మాత్రం లైటు వేసి లోపలికి చూసినప్పుడు ఎండుగడ్డి రంగులోనో లేత బంగారు రంగులోనో సన్నని గీత ఒకటి గుండ్రంగా తిరిగి కనిపిస్తుంది. జాయింటు పక్కన నా నంబరు ఉంటుంది. ఎక్స్‌రే తీస్తే ఆ ఫిల్ము కూడా నా పేరు మీదే పాసవుతుంది లేదా ఫెయిలవుతుంది, మధ్యలో చెప్పుకోవడానికి ఇంకొకరు ఉండరు. ఉద్యోగంలో తృప్తి ఎక్కడి నుంచి వస్తుందని పరిశీలించిన హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1970లలో ఐదు విషయాలు చెప్పారు: పనిలో పలు నేర్పుల అవసరం, మొదటి నుంచి చివరిదాకా ఒకరే చేయగలగడం, ఆ పనికి ఉన్న ప్రాముఖ్యం, స్వేచ్ఛ, ఫలితం వెంటనే తెలియడం. స్వేచ్ఛ ఒక్కటి వెల్డరుకు అంతంతమాత్రమే, ఎందుకంటే ఆంపియర్ల దగ్గర నుంచి అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్డు దాకా ముందే కాగితం మీద రాసి ఇస్తారు. మిగిలిన నాలుగూ మాత్రం ఆ సన్నని గీతలోనే ఉన్నాయి.

సూపర్‌వైజర్ రోజు ఇంకో రకంగా గడుస్తుంది. పొద్దున్నే నిప్పురవ్వలు లేచే పనికి ఇచ్చే అనుమతి, అదే హాట్ వర్క్ పర్మిటు కోసం ఆఫీసు ముందు నిలబడాలి, రాని సిలిండరు కోసం ఫోన్లు చేయాలి, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాసుకోవాలి. దసరా తర్వాత విజయనగరంలో సిరిమానోత్సవం జరిగే మంగళవారం నాడు ఇరవై మందిలో ఏడుగురు వస్తే అదే గొప్ప. సాయంత్రానికి ఇది నేను చేశాను అని చూపించడానికి ఏమీ మిగలదు. ఒకసారి ఒక కుర్రాడు జాయింటు అడుగున వేసే మొదటి పొర, అంటే రూట్ పాస్‌లో మూడుసార్లు తప్పితే, ఉండబట్టలేక నేనే హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఆ జాయింటు పూర్తిచేశాను; ఇంజనీరు వచ్చి, నీకు జీతమిచ్చేది రాడ్డు పట్టుకోవడానికి కాదని అందరి ముందూ అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అయినా ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

జీతం పెరుగుతుంది కదా అంటారు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలని చెప్పింది; అంటే ఎనిమిది గంటల మీద ఇంకో నాలుగు గంటలు చేసిన రోజున రెండు రోజుల కూలి రావలసి ఉండేది. అదే చట్టం పర్యవేక్షక స్థానాల్లో ఉన్నవారిని పనిగంటల నిబంధనల నుంచి మినహాయించే వీలు కల్పించింది. చట్టంలో ఉన్నదంతా కంట్రాక్టు కార్మికుడి చేతికి వస్తుందని నేననను గాని, మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ ఆపే షట్‌డౌన్ నెలలో నా కింద పనిచేసిన వెల్డర్లు నాకంటే ఎక్కువే తీసుకెళ్లారు. పైగా 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజరు కార్మికుడి నిర్వచనంలోకే రాడు కాబట్టి, ఉద్యోగం పోతే కార్మికుడిగా వివాదం వేసే దారి కూడా మూసుకుపోతుంది.

ఇన్ని చెప్పినా, వయసు మాట దాటవేయలేను. మోకాళ్ల మీద కూర్చుని, మే నెల ఎండలో తోలు జాకెట్టు వేసుకుని, యాభై దాటిన తర్వాత కూడా అదే నేర్పుతో చేయగలిగినవారు తక్కువ. చూపు మందగించిందంటే మొదట తెలిసేది రూట్ దగ్గరే. సూపర్‌వైజరీలోనూ ఒక తృప్తి ఉంది, కాకపోతే అది ఆలస్యంగా అందుతుంది. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ వెల్డింగు చేయవలసిన 6జీ పరీక్షకు నేను తయారుచేసిన కుర్రాడు, ఏడాది తర్వాత గల్ఫ్ నుంచి ఫోను చేసి, "గురువుగారూ, పాసయిపోనాను" అన్నప్పుడు కలిగిన సంతోషం నా సొంత ఫిల్ము పాసైనప్పటికంటే తక్కువేమీ కాదు. మనుషులను తీర్చిదిద్దడంలో ఇలాంటి ఆనందం ఉన్నవారు ఆ కుర్చీలో రాణిస్తారు. మర్యాద కోసం మాత్రమే ఎక్కినవారు రిజిస్టర్ల మధ్య విసిగిపోతారు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే పనివారిలో పెద్దరికం వస్తే ఉలి వదిలేయమని ఎవరూ అనరు. మా ఫ్యాక్టరీల్లోనే పైకి ఎక్కే నిచ్చెన పనికి దూరంగా వేసి ఉంది. అందుకే నా లెక్కలో నలభై ఐదు దాకా వెల్డరుగానే ఉండి కొత్త లోహాలకూ కొత్త పొజిషన్లకూ సర్టిఫికెట్లు పెంచుకోవడం మేలు. ఆ తర్వాత కూడా సూపర్‌వైజరీ కంటే వెల్డింగు ఇన్‌స్పెక్టర్ పనో, అర్హత సంపాదించుకుంటే ఐటీఐలో బోధకుడి పనో నయం, ఎందుకంటే అక్కడ రోజూ చూసేది జాయింటునే.

మా చిన్నమ్మ కొడుక్కి ముప్పై ఎనిమిదేళ్లు. పోయిన వారం వాడికీ కంట్రాక్టరు నుంచి పిలుపు వచ్చింది. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు కొత్త జీతం కాగితంతోపాటు నిరుటి ఓవర్‌టైము స్లిప్పులు కూడా తెమ్మన్నాను.