నలుగురే మిగిలినప్పుడు ఏ ముక్కలు పడేయాలి: ఐసీఎమైజర్ ఆరు నెలలు వాడాక

పోకర్ టోర్నమెంట్లలో చివరిదాకా వచ్చి, తీరా డబ్బు చేతికొచ్చే ముందు అవుటయ్యేవాళ్లు ఐసీఎమైజర్ (ఎవరి చిప్స్ డబ్బు లెక్కన ఎంత విలువో చెప్పే సాఫ్ట్‌వేర్) కొనొచ్చా అంటే, కొనండి అనే అంటాను. నేను కొన్నది ఒకే ఒక్క ఆట వల్ల.

నేనుండేది కాలిఫోర్నియాలో. దగ్గర్లోని ఒక కార్డ్ రూమ్‌లో పది మంది, తలా వంద డాలర్లు, తలా 1000 చిప్స్. మొదటి బహుమతి 500, రెండోది 300, మూడోది 200, నాలుగో వాడికి ఏమీ లేదు. నలుగురం మిగిలాం. పెద్దాయన దగ్గర 5000, నా దగ్గర 2500, ఇంకొకాయన దగ్గర 2000, నా ఎడమ పక్కన కూర్చున్న కుర్రాడి దగ్గర 500. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన చిప్స్, 100, 200. నేను బిగ్ బ్లైండ్, అంటే ఆ 200 పెట్టినవాణ్ణి. మిగతా ఇద్దరూ ఫోల్డ్ చేశారు (ముక్కలు పడేశారు), స్మాల్ బ్లైండ్‌లో ఉన్న పెద్దాయన ముక్కలు సరిగ్గా చూశాడో లేదో కూడా తెలీదు, ఆల్ ఇన్ అన్నాడు, ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశాడు. నా చేతిలో ఏస్, క్వీన్. ఇంత మంచి ముక్కలు ఎలా వదులుతాం అని వెంటనే కాల్ చేశాను, నా చిప్స్ కూడా అన్నీ పెట్టేశాను. ఆయన తిప్పింది ఎనిమిది, ఆరు. టేబుల్ మీద అందరికీ కలిపి పరిచే ముక్కల్లో ఎనిమిది పడింది, నేను లేచి బయటికి నడిచాను. ఆ కుర్రాడు ఆ 500 చిప్స్‌తోనే కదలకుండా కూర్చుని 200 డాలర్లు పట్టుకెళ్లాడు. దురదృష్టం అనుకుంటూ ఇంటికొచ్చి, ఆ చేతిని ఐసీఎమైజర్‌లో వేసి చూశాను.

అందులో చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయి, బ్లైండ్లు ఎంత, బహుమతులు ఎంత అని నింపితే చాలు. నేను ఫోల్డ్ చేసి ఉంటే బ్లైండ్ పోగా మిగిలే నా 2300 చిప్స్ విలువ దాదాపు 278 డాలర్లు. కాల్ చేసి గెలిస్తే 5000 చిప్స్ అవుతాయి, కానీ వాటి విలువ 376 మాత్రమే. ఓడితే సున్నా. అంటే వంద డాలర్ల లోపు లాభం కోసం 278 పణంగా పెట్టాను! చిప్స్ లెక్కన చూస్తే 46 శాతం గెలిచే అవకాశం ఉంటే కాల్ చేసేయొచ్చు, డబ్బు లెక్కన మాత్రం 74 శాతం కావాలి. ఆయన కళ్లు మూసుకుని ఏ రెండు ముక్కలతో తోసినా (ఆల్ ఇన్ అన్నా) ఏస్ క్వీన్‌కి వచ్చేది 65 దగ్గరే. ఏస్ కింగ్ కూడా చాలదు. పదుల జత, అంతకన్నా పై జతలు ఉంటేనే కాల్. ఈ అంకె చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇలాంటి కాల్స్ నేను ఏళ్ల తరబడి గర్వంగా చేశాను.

దీని వెనకున్న ఐసీఎం లెక్క, అంటే ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో చూసి ఎవరికి ఏ బహుమతి వచ్చే అవకాశం ఎంతో అంచనా వేసే పద్ధతి, కొత్తదేమీ కాదు. గుర్రప్పందాల్లో ఏ గుర్రం ఎన్నో స్థానంలో వస్తుందో అంచనా వేయడానికి హార్విల్ 1973లో ఇచ్చిన సూత్రాన్నే మేసన్ మాల్ముత్ 1987లో పోకర్ కోసం తనంతట తానుగా మళ్లీ కనిపెట్టాడు. చిన్నప్పుడు సంక్రాంతికి మా బాబాయి వాళ్లు 201 రమ్మీ (201 పాయింట్లు చేరితే అవుట్, డ్రాప్ చేస్తే 25) ఆడుతుంటే చూసినవాణ్ణి కాబట్టి నాకిది తొందరగానే ఎక్కింది. 150 దగ్గరున్న వాడికి రెండు డ్రాపులు మిగిలాయి, 100లో ఉన్నవాడికి నాలుగు అని లెక్కేసుకుని, పంచుకునేటప్పుడు ఆ డ్రాపుల్ని బట్టే పంచుకునేవాళ్లు. ఎంత మంచి చేయి వచ్చినా డ్రాప్ చేసి పక్కవాడు పోయేదాకా ఆగడం బాబాయికి బాగా తెలుసు, నాకే పోకర్ టేబుల్ దగ్గర గుర్తు రాలేదు.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఇందులోని ప్రాక్టీస్ క్విజ్. చేయి చూపించి తోస్తావా, పడేస్తావా అని అడుగుతుంది, తప్పు చెబితే అక్కడికక్కడే చూపిస్తుంది. రోజూ పడుకునే ముందు ఇరవై నిమిషాలు చేశాను. పెద్ద స్టాక్ (చిప్స్ కుప్ప) ఉన్నప్పుడు మధ్య స్టాకుల మీద ఎంత దౌర్జన్యం చేయొచ్చో దీంతోనే అర్థమైంది, ఆ రోజు పెద్దాయన ఎనిమిది ఆరుతో తోయడం నూటికి నూరు పాళ్లూ కరెక్ట్.

ఒక విషయం గమనించుకోవాలి. ఈ లెక్కకి చిప్స్ మాత్రమే తెలుసు, తర్వాతి చేతిలో బ్లైండ్ ఎవరి మీద పడుతుందో తెలీదు. నా పక్క కుర్రాడు మరుసటి చేతిలోనే 500లోంచి 200 పెట్టాలి, కాబట్టి అసలు నేను ఆ 74 కన్నా ఇంకా గట్టిగా ఆగాలి. ఎదుటివాడు ఎలా ఆడతాడో కూడా మనమే చూసుకోవాలి. ఆట జరుగుతుండగా ఇది తెరవడం మోసం, ఇంట్లో చదువుకోవడానికే వాడాలి. అసలు కొనాలా వద్దా అన్న సందేహం ఉంటే హోల్డెమ్‌రిసోర్సెస్ సైట్‌లో ఉచిత క్యాలిక్యులేటర్ ఉంది, ముందు అది చూడండి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, కాబట్టి ఇది చదివి అటు వెళ్లకండి.

పోయిన నెల అదే కార్డ్ రూమ్‌లో ముగ్గురం మిగిలాం, 5000, 3000, నా దగ్గర 2000. పంచుకుందామా అన్నాడు 5000 ఉన్నతను, చిప్స్ ఎన్నుంటే అంత, 500, 300, 200 అని. అలా అయితే ఆడకుండానే నీకు మొదటి బహుమతి, నాకు చివరిది ఇచ్చేసినట్టే కదా అన్నాను. ఐసీఎం ప్రకారం 384, 328, 289 దాకా వస్తుందని కాగితం మీద వేసి చూపించాను. కాసేపు గొణిగి, 380, 330, 290కి ఒప్పుకున్నారు.