ఓటరు సేవల రివ్యూ: ఉన్న ఊళ్లోనే ఉండేవాళ్లకు బాగుంది, పని కోసం ఊరు దాటినవాళ్లకు కాదు

హైదరాబాద్ మియాపూర్‌లో చిన్న నెట్ సెంటర్ నాది. జిరాక్సులు, పాన్ కార్డులు, హాల్ టికెట్లు ఏడాది పొడుగునా ఉంటాయి, ఎన్నికలు దగ్గరపడితే మాత్రం అంతా ఓటరు ఫారాల హడావిడే. ఎన్నికల సంఘం వాళ్ల ఓటరు హెల్ప్‌లైన్ యాప్, ఓటర్ల పోర్టల్ రెండూ నాకు బాగా అలవాటు, ఫారం నింపడం రానివాళ్లందరి కోసం వాటితోనే పని. ఈ రివ్యూ యాప్ దగ్గర ఆగదు. ఫారం పెట్టిన దగ్గర్నుంచి వేలికి సిరా చుక్క పడేదాకా అంతా ఒకే సేవ అని నా ఉద్దేశం, అందుకే మొత్తం రాస్తున్నాను.

యాప్ బాగుంది. ఫోన్ నంబరు, ఓటీపీ, అంతే. ఓటరు కార్డు నంబరు కొడితే మీ పేరు ఏ నియోజకవర్గంలో, ఏ పోలింగ్ కేంద్రంలో ఉందో చూపిస్తుంది, కార్డు పోగొట్టుకున్నా పేరు, వయసు, జిల్లా ఇచ్చి వెతకొచ్చు. కొత్త ఓటుకు ఫారం 6, విదేశాల్లో ఉన్నవాళ్లకు 6ఏ, అభ్యంతరాలకూ పేరు తీసేయడానికీ 7, తప్పులు దిద్దుకోవడానికీ ఇల్లు మారినప్పుడూ 8. ఇదివరకు వయసు లెక్క జనవరి 1 తోనే చూసేవాళ్లు, ఫిబ్రవరిలో 18 నిండిన పిల్లాడు మళ్లీ జనవరి దాకా ఆగాల్సిందే. 2022 నుంచి ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా లెక్కలోకి వచ్చాయి, 17 నిండగానే ముందుగా దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు. పేరు ఇంగ్లీషులో కొడితే తెలుగులో దానంతటదే వస్తుంది కాబట్టి పంపేముందు అక్షరం అక్షరం చూసుకోండి. 2025లో ఈసీఐనెట్ పేరుతో నలభై దాకా యాప్‌లను ఒకేచోటికి తెస్తున్నామని ప్రకటించారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంటి దగ్గర ఓటు. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్నవాళ్లు ఫారం 12డీ ఇస్తే అధికారులే ఇంటికి వచ్చి, గుట్టు చెడకుండా బ్యాలెట్ మీద ఓటు వేయించుకుని, అదంతా వీడియో తీసి మరీ వెళతారు. 2024లో దేశమంతటా లోక్‌సభ ఎన్నికలకు ఇలా చేశారు. మంచం మీద నుంచి లేవలేని పెద్దాయన ఓటు కూడా ఓటే అనుకుని, దాని కోసం మనుషుల్ని పంపే పద్ధతి ఇది. నేను ఎవరికి చెప్పినా సంతోషంగానే చెబుతాను. మొదట్లో 80 ఏళ్లకే ఉన్న వీలును 2024లో 85కి పెంచారు, అది మళ్లీ తగ్గిస్తే బాగుంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా సెంటర్‌కి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఈ ఊరివాళ్లు కాదు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీలతో (కూలీలను గుంపుగా పనికి తెచ్చేవాళ్లతో) వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చి హోటళ్లలో, అపార్టుమెంట్ల పనుల్లో ఉన్నవాళ్లు, పల్నాడు, ప్రకాశం నుంచి వచ్చిన సెంట్రింగ్ కూలీలు, డ్రైవర్లు, వాచ్‌మన్ కుటుంబాలు. వీళ్లు అడిగేది ఒకటే ప్రశ్న, "అన్నా, ఊరికి పోకుండా ఈడనే ఓటెయ్యొచ్చా?" వేయలేరు. ఓటు ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలి, లేదా ఫారం 8 పెట్టి ఓటును ఇక్కడికి మార్చుకోవాలి.

మార్చుకోవచ్చు కదా అని తేలిగ్గా అనేవాళ్లకు ఒక మాట. చిరునామా రుజువు కింద అడిగేవాటిలో కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం ఉంటాయి. లేబర్ క్యాంపులో రేకుల గదిలో ఉండే మనిషికి వీటిలో ఏది ఉంటుంది? ఆధార్‌లో ఊరి చిరునామా, పాస్‌బుక్కులో ఊరి చిరునామా, కరెంటు మీటరు కంపెనీది. ఇల్లే లేనివాళ్ల విషయంలో మాత్రం బీఎల్ఓ, అంటే ఆ పోలింగ్ బూత్ ఓటరు జాబితా చూసే అధికారి, రాత్రిపూట వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసి ఓటు నమోదు చేయొచ్చని రూలుంది, చాలా మంచి రూలు, తెలిసినవాళ్లే తక్కువ. కానీ కాగితాలు దొరికినా చాలామంది ఓటు మార్చుకోరు. ఈ సైటు అయిపోతే ఇంకో సైటుకి, ఇంకో నియోజకవర్గానికి పోతారు. రేషన్ కార్డు, పొలం, అమ్మానాన్నల పింఛను, సర్పంచి ఎన్నిక అన్నీ ఊళ్లోనే. వాళ్ల జీవితం అక్కడుంది, కూలి ఇక్కడుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కూడా తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన అక్కడి నివాసం పోదనే చెబుతుంది. పేరు అక్కడ ఉంచుకోమని చట్టమే అంటోంది, మనిషి ఇక్కడుంటే ఆ ఓటు ఎలా వేయాలో మాత్రం ఏర్పాటు లేదు. బీహార్‌లో 2025లో ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ చేసినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి, చనిపోయినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్లతో పాటు శాశ్వతంగా వెళ్లిపోయారన్న లెక్కలో పోయిన పేర్లూ అందులో ఉన్నాయి. పనికి వెళ్లినవాడికీ ఊరు వదిలేసినవాడికీ తేడా తేల్చడం అంత సులువు కాదు, అందుకే మా దగ్గర కూలీలకు ఆ వార్త విన్నప్పటి నుంచి టెన్షనే.

2024 మే 13 గుర్తుందా? సోమవారం. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకి, తెలంగాణలో లోక్‌సభకి ఒకేరోజు పోలింగ్. అంతకుముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరాయి, బస్సుల్లో, రైళ్లలో నిలబడే చోటు లేదు. ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది, హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 50 శాతం కూడా కాలేదు. నగరంవాళ్లకు బద్ధకం అని టీవీల్లో తిట్టారు. ఆ తిట్టేవాళ్లు ఊరెళ్లి ఓటేసిన మనిషి ఖర్చు ఎప్పుడైనా లెక్కగట్టారా? రానూపోనూ చార్జీలు, అదీ ఆ రోజుల్లో ప్రైవేటు బస్సులు అడిగిన రేటు, రెండు మూడు రోజుల కూలి, పిల్లలుంటే వాళ్ల ఖర్చు. మా వీధిలో ఒక సైటు కాంట్రాక్టరు ఊరెళ్లిన తాపీ మేస్త్రీలకు ఆ వారం డబ్బులు కోసేశాడు. చట్టం ప్రకారం తప్పు అది. పోలింగ్ రోజు ప్రతి ఉద్యోగికీ, రోజుకూలీకి కూడా జీతంతో సెలవివ్వాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్ చెబుతుంది. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా, గరిష్ఠంగా 500 రూపాయలు! ఒక మేస్త్రీ ఒక్కరోజు కూలి కన్నా తక్కువ. ఎంతమంది ఎంపీలు మారారు, ఆ అంకె మారలేదు. రాజకీయ నాయకులకు మామూలు మనుషుల బతుకు అర్థమవుతుందా అని ఎవరైనా అడిగితే నేను ఈ సెక్షనే చూపిస్తాను.

తెలంగాణ పంచాయతీ ఎన్నికలైతే ఇంకా కష్టం. అవి నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది వేరే సంస్థ. 2025 డిసెంబర్‌లో పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. ముంబైలో, భీవండిలో పనిచేసే పాలమూరు, సిరిసిల్ల మనిషి రైలు గంట ఆలస్యమైనా ఓటు పోగొట్టుకున్నట్టే. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 6ఏ పెట్టి పేరు ఎక్కించుకోవచ్చు, ఓటు మాత్రం సొంతంగా వచ్చి వేయాలి. 2024లో విదేశీ ఓటర్లుగా నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద లక్షకు పైనే, వచ్చి వేసినవాళ్లు మూడు వేల లోపు, అందులోనూ ఎక్కువమంది కేరళవాళ్లు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన కూలీ ఒక ఓటు కోసం విమానం టికెట్ కొంటాడని అనుకున్నవాళ్లు ఆ రూలు రాశారు.

నాయకులకు ఇవన్నీ తెలియవని నేను అనుకోను. ఎన్నికలప్పుడు మా దగ్గర ఎవరెవరు ఏ ఊరివాళ్లో, ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో పార్టీలవాళ్ల దగ్గర ఫోన్ నంబర్లతో సహా లిస్టులుంటాయి. బస్సులు మాట్లాడతారు, భోజనాలు పెడతారు, దారి ఖర్చులిస్తారు. ప్రచారంలో ఇస్త్రీ చేస్తారు, దోసెలు వేస్తారు. అంటే మన బతుకు వాళ్లకు ఓటు తెచ్చుకునేంత మేరకు బాగానే తెలుసు. ఆ బస్సు అక్కర్లేకుండా చేసే చట్టం దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తొందర లేదు. పార్టీ బస్సెక్కి వెళ్లిన మనిషి ఎవరికి వేయాలో తనంతట తాను తేల్చుకునే స్వేచ్ఛ కొంచెం తగ్గుతుంది, నాకు అన్నిటికన్నా బాధ అక్కడే. అభ్యర్థులు ఆస్తులు, కేసులు చెబుతూ ఇచ్చే అఫిడవిట్లు కూడా యాప్‌లో చూసుకోవచ్చు, చూడండి కూడా. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 504 మంది కోటీశ్వరులు. డబ్బుండటం తప్పు కాదు, కానీ సెలవు పెడితే కూలి పోతుందన్న భయం అంతమందిలో ఎందరికి తెలిసి ఉంటుంది?

దారి లేదా అంటే ఉంది. ఎన్నికల సంఘం 2023 జనవరి 16న దూరం నుంచి ఓటేసే యంత్రాన్ని పార్టీలకు చూపిద్దామని పిలిచింది, ఒక్క యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించేలా తయారు చేశారు. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు, వలస ఓటరు అంటే ఎవరు, ఎంతమంది ఉన్నారు, పార్టీల పోలింగ్ ఏజెంట్లు ఎలా కూర్చుంటారు అని అడిగాయి. అవి అడగాల్సిన ప్రశ్నలే. జవాబులు వెతకకుండా ఆ యంత్రాన్ని పక్కన పెట్టేయడమే నాకు నచ్చలేదు. ఇల్లు వదిలి వచ్చిన కశ్మీరీ పండిట్లకు జమ్మూలో, ఢిల్లీలో ప్రత్యేక కేంద్రాలు ఎన్నో ఏళ్లుగా పెడుతున్నారు. సైనికులకు పోస్టల్ బ్యాలెట్, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు కూడా పోస్టల్ బ్యాలెట్. 1951 చట్టం 60వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం కొత్త వర్గాలను చేర్చొచ్చు, పెద్దవాళ్ల ఇంటి ఓటు అలాగే వచ్చింది. వలస కూలీలను అందులో చేర్చి, హైదరాబాద్, బెంగళూరు, ముంబైల్లో పోలింగ్‌కు వారం ముందు కలెక్టరేట్లలో ఓటు వేయించడం ఎందుకు మొదలుపెట్టకూడదు? ముందు ఒక్క జిల్లాతో పెట్టి చూడండి.

యాప్‌కీ, ఫారాలకీ ఐదుకి నాలుగు స్టార్లు. ఇంటి దగ్గర ఓటుకి ఐదు. ఊరు దాటి బతికేవాళ్లకు ఓటు వేయించే విషయంలో ఒక్కటే, అదీ బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి చూసే ఆ రూలు కోసం.

మీ ఇంట్లో 85 దాటినవాళ్లుంటే ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే 12డీ ఇవ్వాలి, ఆ తర్వాత తీసుకోరు. జాబితాలో పేరు చూసుకోవడానికి ఎన్నికలు వచ్చేదాకా ఆగొద్దు, యాప్ చేతకాకపోతే 1950 నంబరుకి ఫోన్ చేసి అడగండి.