మాటిమాటికీ దిగిపోయే బైక్ బ్యాటరీ: మల్టీమీటర్ ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

అనంతపురంలో బండి సెల్ఫ్ పడటం లేదని ఏ షాపుకి వెళ్లినా ముందు వినిపించే మాట "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేసుకో" అనే. ఈ ఊరి ఎండలకి ఆ మాట నమ్మబుద్ధేస్తుంది కూడా. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. వేడి పెరిగేకొద్దీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ఊరికే నిలబెట్టినా చార్జ్ తొందరగా దిగుతుంది. కానీ కొత్త బ్యాటరీ వేసిన కొద్ది రోజులకే బటన్ నొక్కితే రిలే (స్టార్టర్ మోటార్‌కి కరెంటిచ్చే స్విచ్చు) టకటకమని కొట్టుకుంటూ ఇంజిన్ తిరగకపోతే, ఇంకో బ్యాటరీ కొనడం డబ్బు దండగ. దోషం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. దానికి నేను ఇంట్లో పెట్టుకున్న సాధనం వోల్టేజీ, కరెంటు కొలిచే డిజిటల్ మల్టీమీటర్.

నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఎలక్ట్రికల్ షాపుల్లో వేలాడుతూ కనిపించే పసుపు రంగు డీటీ830డి రకం. ఎంత దాకా కొలవాలో ఆ రేంజ్ మనమే డయల్ తిప్పి పెట్టుకోవాలి. రెండోది దానికంటే కాస్త ఖరీదైన ఆటో రేంజ్ మీటర్, రేంజ్ అదే ఎంచుకుంటుంది. రెండింటినీ నా 150 సీసీ బండి మీదా, మా చిన్నాయన బండి మీదా, వీధిలో అడిగినవాళ్ల బళ్ల మీదా బాగా వాడాను. కొనబోయేవాళ్లకి నా సలహా రెండోదే. ఎందుకో కింద చెప్తాను.

మొదటి పరీక్షకి పెద్ద తెలివేం అక్కర్లేదు. రాత్రి బండి ఆపి, పొద్దున తాళం తిప్పకముందే మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ (మీటర్ వైరు చివరున్న లోహపు మొన) ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించాలి. 12.6 నుంచి 12.8 దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగమే మిగిలింది. 12 కంటే తక్కువైతే చార్జింగ్‌కి పెట్టాల్సిందే. పూర్తిగా చార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ చచ్చిందని దాదాపు ఖాయం. లోపలున్న ఆరు సెల్స్‌లో ఒక్కోటి 2.1 వోల్టులిస్తుంది మరి. బండి నడిపి వచ్చిన వెంటనే చూస్తే మాత్రం అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు.

తర్వాత ప్రోబ్స్ తీయకుండానే సెల్ఫ్ కొట్టి చూడాలి. ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, ముందు ఎంత చూపించినా సరే. ఇంజిన్ స్టార్టయ్యాక రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకి రావాలి. అక్కడికి రాలేదంటే ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్‌నో, ఆ ఏసీ కరెంటుని డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో పెట్టే రెక్టిఫయర్‌నో, మధ్యలో కనెక్టర్‌నో అనుమానించాలి. 15 దాటితే రెక్టిఫయర్ అదుపు తప్పింది. బల్బులు మాడిపోవడం, బ్యాటరీ ఉబ్బడం దాని లక్షణాలే.

నా బండిలో ఇవన్నీ బాగానే ఉన్నాయి. రేజ్ చేస్తే 14.2 వస్తోంది. అయినా నాలుగైదు రోజులు బయటికి తీయకపోతే బ్యాటరీ డౌన్. ఇలాంటి చోటే మీటర్ విలువ తెలిసేది.

తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ బోల్టు విప్పి, వైరుని పక్కకి లాగాను. మీటర్‌లో ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంప్స్ రంధ్రంలోకి మార్చి, దాని మొనని విప్పిన వైరుకి, నల్లదాన్ని బ్యాటరీ మైనస్‌కి పట్టుకున్నాను. అంటే బండిలోకి పోయే కరెంటంతా మీటర్ గుండానే పోవాలి. అంకె చాలా చిన్నగా ఉండటంతో మిల్లీ ఆంప్స్ రంధ్రంలోకి మార్చా. 28 మిల్లీ ఆంప్స్. తాళం తీసిన కార్బ్యురేటర్ బండికి ఇది చాలా ఎక్కువ, మామూలుగా ఒక మిల్లీ ఆంప్ కూడా ఉండదు. గడియారం, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) ఉన్న బీఎస్6 బళ్లలో కొద్దిపాటి మిల్లీ ఆంప్స్ లాగడం సహజమే, అంతకు మించితే ఆరా తీయాలి. మీటర్ అలాగే ఉంచి ఒక్కో ఫ్యూజు పీకాను, అంకె కదల్లేదు. ఫ్యూజులకి బయట ఏముందా అని చూస్తే హ్యాండిల్‌కి బిగించిన మొబైల్ చార్జర్ కనిపించింది. యాక్సెసరీస్ షాపులో దాని వైర్లు నేరుగా బ్యాటరీకి ఇచ్చేశారు. ఆ కనెక్టర్ ఊడదీయగానే 28 కాస్తా 0.3కి పడిపోయింది. చార్జర్‌కి ఫోన్ పెట్టకపోయినా లోపలి సర్క్యూట్, ఆ చిన్న నీలం లైటు కలిసి పగలూ రాత్రీ తాగుతూనే ఉన్నాయన్నమాట.

లెక్క వేస్తే సంగతి ఇంకా స్పష్టం. గంటకి 28 అంటే రోజుకి 672 మిల్లీ ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ నిండితే పట్టేది 5 ఆంపియర్ అవర్లు, అంటే 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు. నాలుగు రోజులకి సగం పైగా ఖాళీ. ఇలా మాటిమాటికీ లోతుగా దిగిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మంచి బ్యాటరీ కూడా పాడవుతుంది. చార్జర్ ప్లస్ వైరుని తాళం ఆన్ చేస్తేనే కరెంటొచ్చే వైరుకి మార్పించాక ఆ బాధ తీరిపోయింది. జీపీఎస్ ట్రాకర్, దొంగ అలారం, అదనపు లైట్లు బిగించుకున్నవాళ్లందరూ ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయించుకోండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మీటర్ ఇలా మధ్యలో ఉన్నప్పుడు సెల్ఫ్ బటన్ జోలికి పోకూడదు. స్టార్టర్ మోటార్ లాగే కరెంటు మీటర్ తట్టుకోలేదు. పని కాగానే ఎర్ర ప్రోబ్‌ని వోల్ట్స్ రంధ్రంలోకి తిరిగి పెట్టాలి. ఆంప్స్‌లో ఉంచేసి బ్యాటరీ రెండు కొనలకీ ఆనిస్తే నేరుగా షార్ట్ సర్క్యూటే. పసుపు మీటర్లలో చాలావాటికి 10 ఆంప్స్ రంధ్రానికి ఫ్యూజే ఉండదు, ఆ మాట మీటర్ మీదే రాసి ఉంటుంది. నా ఆటో రేంజ్ మీటర్‌కి రెండు రంధ్రాలకీ ఫ్యూజులున్నాయి. దాన్నే కొనమనడానికి మొదటి కారణం ఇదే.

మా చిన్నాయన బండి కథ వేరు. కళ్యాణదుర్గం రోడ్డులో రోజూ పొలానికి వెళ్లొస్తాడు, అయినా బ్యాటరీ నిండదు. ఎంత రేజ్ చేసినా 12.3 దాటలేదు. రెక్టిఫయర్ దగ్గర కనెక్టర్ విప్పి, కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లని రెండేసి చొప్పున ఏసీ వోల్ట్స్‌లో చూశాం. ఒక జతకి 50 దాకా వచ్చింది, మిగతా రెండు జతలకీ 20 కూడా రాలేదు. మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఇంజిన్ ఆపి, రెండు చోట్ల మధ్య కరెంటు దారి ఉంటే బీప్ అనే సెట్టింగ్‌లో మీటర్ పెట్టి, పసుపు వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య చూస్తే బీప్ అంది. అక్కడ బీప్ రానేకూడదు. కాయిల్ మాడి బాడీకి తగిలిందన్నమాట. కాయిల్ మళ్లీ చుట్టించుకున్నాడు, పాత బ్యాటరీతోనే బండి నడుస్తోంది.

ఇక మీటర్లు ఎలా నిలబడ్డాయంటే, పసుపుదాంతో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది దాని లోపలి 9 వోల్టుల బ్యాటరీ. అది నీరసిస్తే ఈ రకం మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 12.4 ఉండాల్సిన బ్యాటరీ 13.6 అని కనిపిస్తే ఎవరికైనా టెన్షనే. రాత్రంతా ఆపిన బండిలో 13 దాటితే ముందు మీటర్ బ్యాటరీ మార్చి చూడండి. ఆషాఢం గాలులకి దుమ్ము దూరి డయల్ కూడా మొరాయించింది, అంకెలు అటూ ఇటూ గెంతేవి. ప్రోబ్ వైర్లు చేతిపిడి దగ్గర లోపల్లోపలే తెగాయి, సిలికాన్ వైర్లవి వేరే కొని పెట్టాను. ఆటో రేంజ్ దానికి ఇప్పటిదాకా సెల్స్ మార్చడం తప్ప ఖర్చు లేదు. అయితే బండి డిక్కీలో పెట్టి ఎండలో వదలొద్దు, వేడికి తెర నల్లబడుతుంది. నీడలో చల్లారాక మళ్లీ మామూలవుతుంది.

మీటర్ చెప్పలేనిది కూడా ఒకటుంది. బ్యాటరీలో ఎన్ని ఆంపియర్ అవర్లు మిగిలాయో ఇది కొలవదు, సెల్ఫ్ కొట్టినప్పుడు పడే వోల్టేజీని బట్టి మనం అంచనా వేసుకోవడమే. గ్యారంటీ కింద మార్చమని వెళ్తే షాపువాళ్లు లోడ్ టెస్టర్ (బ్యాటరీ మీద భారం వేసి చూసే సాధనం) పెట్టి చూస్తారు. అప్పుడు మీ అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: పొద్దున ఎంత, సెల్ఫ్‌కి ఎంత, రేజ్‌కి ఎంత, లీకేజీ (తాళం తీశాక కూడా లాగే కరెంటు) ఎంత. చార్జింగ్ సరిగ్గా ఉంది, లీకేజీ లేదు అని ముందే చూపిస్తే "బండిలోనే ఏదో ఉంది" అని తిప్పి పంపడం వాళ్లకి అంత తేలిక కాదు.