గబగబా ఆరిపోయే సూపర్‌నోవాల్లో సెమినార్‌కి ఏది మేలు?

తిరుపతిలో ఎం.ఎస్సీ ఫిజిక్స్ చదివే మా అక్క కూతురు సెమినార్‌కి మూడు పేర్లు రాసుకుంది: 2006జేసీ, కెప్లర్ టెలిస్కోప్‌కి చిక్కిన 2015కే, 2018లో అందరి నోళ్లలో నానిన "కౌ". నన్నడిగితే మొదటిదే తీసుకోమంటా.

చాలా సూపర్‌నోవాల (నక్షత్రాల పేలుళ్ల) వెలుగుకి ఇంధనం నికెల్-56 అనే రేడియోధార్మిక లోహం. దాని అర్ధాయువు 6 రోజులు, అది మారే కోబాల్ట్‌ది 77, అందుకే వెలుగు వారాల తరబడి సాగుతుంది. 2015కే మాత్రం 2.2 రోజుల్లో పైకెక్కి, వారంలోపే సగానికి దిగిపోయింది. ఇదంతా నికెల్ పనే అనుకుంటే, పేలి ఎగిరిపడ్డ పదార్థం మొత్తం కంటే నికెలే ఎక్కువ ఉండాలి, లెక్క ఎక్కడ కుదురుతుంది? అందుకని నక్షత్రం చుట్టూ ముందే ఓ పొర ఉందని, పేలుడు దాన్ని గుద్దినప్పుడు ఆ వేగమే వెలుగైందని అంటారు. కెప్లర్ అరగంటకోసారి కొలిచిన ఆ గ్రాఫ్ ముచ్చటగా ఉంటుంది. కానీ డేటా తవ్వి చూసేసరికి అది ఆరిపోయింది, స్పెక్ట్రమ్ (వెలుగుని రంగులుగా విడదీసి, అందులో ఏ పదార్థముందో చెప్పే పట్టీ) లేదు. "పొర ఉందని ఎలా తెలుసు?" అని ఎవరైనా లేస్తే నోట మాట రాదు.

2006జేసీ దగ్గర ఆ టెన్షన్ లేదు. 2004లో జపాన్ ఔత్సాహికుడు కొయిచి ఇటగాకి అక్కడే ఓ వెలుగు చూశాడు, కొద్ది రోజులకు మాయమైంది. రెండేళ్లకి, 2006 అక్టోబర్‌లో, అదే చోట నక్షత్రం పేలింది. అంటే చావుకి ముందే పదార్థం కక్కేసిందన్నమాట! స్పెక్ట్రమ్‌లో సన్నని హీలియం గీతలు, అంటే ఆ హీలియంది సెకనుకు సుమారు 2,000 కిలోమీటర్ల వేగం, సూపర్‌నోవా లెక్కలో ఇది నిదానమే. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతిది: రెండు నెలలు తిరిగేసరికి ఆ గీతల ఎరుపు వైపు భాగం చెరిగిపోతూ వచ్చింది, ఎందుకంటే కొత్తగా పుట్టిన ధూళి అవతలి వైపుని, అంటే మననుంచి దూరంగా పోతూ ఎరుపు వైపు జరిగిన వెలుగుని, కప్పేసింది. ఒక్క గీత గీసి బోర్డు మీద చూపించొచ్చు.

కౌ సంగతా? దాదాపు 20 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, డేటా కుప్పలు, పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ కూడా దాన్ని చూసింది. చుట్టూ పదార్థం ఉందనేది నిజమే, కానీ ఎక్స్‌రేలు ఎగుడుదిగుడుగా మిణుకుమన్నాయి కాబట్టి లోపల బ్లాక్ హోలో, మాగ్నెటారో (విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న న్యూట్రాన్ నక్షత్రం) ఉందనే వాదనే నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇరవై నిమిషాల్లో తెమిలే వ్యవహారం కాదు. చివరి స్లైడ్‌లో పెట్టుకోమన్నా, ప్రశ్నలన్నీ దాని మీదే పడి టైమైపోతుంది.