"ఫుల్ పెట్టె" అని అమ్ముతున్న తేనెటీగలు కొనేముందు ఇది చదవండి

తేనెటీగల పెట్టెలకు అడ్వాన్స్ పంపబోతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. నిన్న నా పొద్దుతిరుగుడు చేలో రెండు పెట్టెల ఈగలు లేచిపోయాయి. అమ్మినాయన పేరు రాయను. రోజూ వాట్సాప్‌లో పెట్టెల వీడియోలు పంపేది ఎవరో మా నంద్యాల వైపు రైతులకు వేరే చెప్పక్కర్లేదు.

పదికి పది ఫ్రేములూ (తేనెపట్టు కట్టే చెక్క చట్రాలు) నిండా ఈగలు, ఈ ఏడాది రాణి అని ఐదు ఇటాలియన్ ఈగల పెట్టెలు ఇచ్చాడు. చీకటి పడ్డాక ఆటోలో తెచ్చి దించి, "పది రోజులు మూత తీయొద్దు సార్, ఈగలు బెదిరిపోతాయి" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ప్రయాణం చేసి వచ్చిన ఈగలను ఒకట్రెండు రోజులు కదిలించకపోవడం మామూలే, కానీ పది రోజులు ఎందుకన్నాడో నిన్న తెలిసింది.

ఎండ ఎక్కుతుండగా పెట్టె గుమ్మంలోంచి ఈగలు ధార కట్టి బయటికొచ్చి గట్టు మీద వేపచెట్టు పైకొమ్మకు పట్టాయి, నిచ్చెన తెచ్చేలోపు అక్కడినుంచీ పోయాయి, కాసేపటికి రెండో పెట్టె కూడా అంతే. మూత తీసి ఫ్రేములు పైకెత్తితే అడుగు అంచుల్లో వేరుశనగ కాయల్లా వేలాడుతున్న రాణి గదులు, అంటే కొత్త రాణులు పెరిగే గదులు, చాలావాటికి మైనం మూత పడిపోయి ఉంది. రాణి గదిలో గుడ్డు పడ్డాక ఆ మూత పడడానికి ఎనిమిది రోజులు పడుతుంది. పెట్టెలు నా దగ్గరకొచ్చి వారం కూడా కాలేదు. ఆ గుడ్లు ఆయన దగ్గరే పడ్డాయి, ఈగలు విడిపోవడానికి సిద్ధమైంది అక్కడే. జాగా చాలక కిక్కిరిసిన పెట్టెను రెండుగా విడదీసి, కొత్త ఫ్రేములిచ్చి అమ్మాల్సింది పోయి, ఆ కిక్కిరిసిన ఈగలనే బలం అని చూపించి డబ్బు తీసుకున్నాడు.

ఫోన్ చేశాను. "అన్నా, మూత పడ్డ రాణి గదులున్న పెట్టెలు ఎలా ఇచ్చావు?" అంటే "ఈగలు రెక్కలున్న జీవాలు, ఎగిరిపోతే నేను గొలుసు కట్టి ఇవ్వాలా" అన్నాడు. ఆ మాటైనా ఓర్చుకున్నాను గానీ తర్వాత చెప్పింది విని ఒళ్ళు మండిపోయింది. "ఆ గదులన్నీ కోసేయండి, సరిపోతుంది. ఇంకో రెండు పెట్టెలు రెడీగా ఉన్నాయి, పంపమంటారా?" పాత రాణి ఈగలను తీసుకుని వెళ్ళిపోయిన పెట్టెలో మిగిలిన రాణి గదులే దిక్కు. వెతికినా ఒక్క గుడ్డు కనిపించలేదు, అవీ కోసేస్తే కొత్త రాణి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏళ్ళ తరబడి ఈగలు పెంచేవాడికి ఇది తెలియక కాదు. నా పెట్టె చచ్చిపోయినా ఫర్వాలేదు, ఇంకో రెండు అమ్ముడైతే చాలు అనుకున్నాడు. పక్క ఊళ్ళో ఈగలు పెంచే పెద్దాయన వచ్చి పెట్టెకు ఒకట్రెండు మంచి గదులు ఉంచి మిగతావి తీశాడు కాబట్టి ఆ పెట్టెలు ఇంకా బతికున్నాయి. అన్నీ ఉంచితే కొత్త రాణులతో ఇంకో గుంపు లేచిపోతుందట. కొత్త రాణి పుట్టి, జతకట్టి, గుడ్డు పెట్టాలి, ఆపైన ఆ గుడ్డు ఈగయ్యేసరికి ఇంకో 21 రోజులు, అప్పటికి నా పూత అయిపోతుంది. గింజ కట్టడానికే కదా ఈ ఈగలను తెచ్చుకున్నది!

ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఫొటోలు, ఆయన వాయిస్ మెసేజ్‌లు అన్నీ దాచి ఉంచాను.

కొనేవాళ్ళు పగటిపూటే వెళ్ళి ప్రతి ఫ్రేమూ ఎత్తించి, ఈగలను దులిపించి అడుగు అంచు చూడండి. రాణి గది మొదలుపెట్టే చిన్న మైనపు గిన్నెలు ఖాళీగా ఒకట్రెండు ఉంటే భయం లేదు, వాటిలో గుడ్డు గానీ తెల్లటి పాలు గానీ ఉంటే డబ్బు ఇవ్వొద్దు. ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవాళ్ళు ఇవాళే మూత తీయండి. రాణి గదులు కనిపించి, పాత రాణి ఇంకా లోపలే ఉంటే దాన్ని ఈగ పిల్లలున్న రెండు మూడు ఫ్రేములతో వేరే పెట్టెలోకి మార్చండి, పాత పెట్టెలో ఒకట్రెండు రాణి గదులు మాత్రం ఉంచండి. నా మిగతా మూడు పెట్టెలకు రేపు పొద్దున్నే అదే చేస్తున్నాను.