రూము నాలుగున్నరకు కావాలి, యాప్ పన్నెండింటికి ఇస్తానంటుంది

రాత్రి విశాఖలో రైలెక్కితే విజయవాడలో తెల్లారకముందే దించేస్తుంది. దుర్గమ్మ దర్శనానికి వెళ్లాలంటే ముందు స్నానాలు కావాలి, అమ్మ కాసేపు నడుం వాల్చాలి. అంటే రూము నాలుగున్నరకల్లా చేతికి రావాలి. బుకింగ్ సైట్లేమో మధ్యాహ్నం పన్నెండింటికి చెకిన్, మర్నాడు పదకొండింటికి చెకౌట్ అంటాయి. నాలుగున్నరకు దిగినవాళ్లు ముందురోజు తేదీకి కూడా డబ్బు కట్టాలి, లేదా ఎండెక్కేదాకా లాబీలో సామాను కాపలా కాయాలి. ముందురోజుకీ కడితే ఎంత డిస్కౌంట్ వచ్చినా ఖర్చు రెట్టింపే. అందుకే విజయవాడ వెళ్లేవాళ్లు ఏ సైట్లో వంద తక్కువో చూడ్డం కన్నా ముందు, రూము ఏ గంటకిస్తారో అడగాలంటాను.

అయినా సైట్లన్నీ చూశాం, చూడకుండా ఎవరుంటారు! మేక్‌మైట్రిప్, గోఐబిబో రెండూ 2017 నుంచి ఒకే యాజమాన్యం. బుకింగ్ డాట్ కామ్, అగోడా కూడా ఒకే కంపెనీవి. ట్రివాగో పని ప్రధానంగా ఎవరి దగ్గర ఎంతో చూపించి అటు పంపించడమే. నాలుగు ట్యాబులు తెరిస్తే నాలుగు కొట్లు తిరిగినట్టుంటుంది గానీ గల్లాపెట్టెలు అన్ని లేవు. గవర్నరుపేటలో ఒకే హోటల్, ఒకే రూము, సైటు మారినా తేడా వంద, నూటయాభై దాటలేదు. అదీ ఎక్కువగా ఫలానా బ్యాంకు కార్డుంటేనే.

డిస్కౌంటు కథ ఇంకోటి. ఒకచోట 4,500 కొట్టేసి పక్కన 1,800 వేశారు. ఆ 4,500 ఎవరైనా ఎప్పుడైనా కట్టారా అంటే నాకు నమ్మకం లేదు. డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి ‘పన్నులు, ఫీజులు’ అని 330 కలిసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు రూములకు జీఎస్టీ 5 శాతమే. అంతకు ముందు 12 ఉండేది. 1,800కు 5 శాతమంటే 90. మిగతా 240 రూము మీది పన్ను కాదు, సైటు వాళ్ల సర్వీసు ఫీజు. రెండూ ఒకే వరసలో కలిపేసి చూపిస్తే మనం సర్కారును తిట్టుకుని కట్టేస్తాం. ఆ వరస మీద నొక్కితే విడివిడిగా కనిపిస్తుంది, నొక్కి చూడండి.

2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా సాగుతోందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకి రూ. 223.48 కోట్లు, ఓయోకి రూ. 168.88 కోట్లు జరిమానా వేసింది. హోటళ్లు తమ సొంత వెబ్‌సైట్లో గానీ వేరే బుకింగ్ సైట్లో గానీ మేక్‌మైట్రిప్ రేటు కన్నా తక్కువకు అమ్మకూడదని పెట్టిన మెలిక ఆ కేసులో పెద్ద అంశం. అలాంటి షరతులు తీసెయ్యమని కమిషన్ చెప్పింది. కాబట్టి హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి రేటు అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. సైటుకిచ్చే కమిషన్ హోటల్‌కు మిగులుతుంది, అందులో కొంత మనకు వదిలే వీలుంటుంది.

ఫోన్ చేస్తే బయటపడ్డ అసలు సంగతి రేటు కాదు, టైము. గాంధీనగర్‌లో ఒక పాత లాడ్జి రిసెప్షన్‌లో ఆయన్ని నాలుగున్నరకు దిగుతామని అడిగాను.

“మాది ఇరవైనాలుగు గంటలండీ. మీరు నాలుగున్నరకొస్తే రేపు నాలుగున్నర దాకా రూము మీదే.”

“మరి యాప్‌లో పన్నెండని ఉందేంటండీ?”

“యాప్‌లో చేసుకుంటే పన్నెండేనండి. అది వాళ్ల లెక్క, ఇది మా లెక్క.”

రూము అదే, మంచం అదే. యాప్‌లో 1,800 మీద పన్నులు, ఫీజులు. నేరుగా అయితే జీఎస్టీతో కలిపి 1,900, పైగా తెల్లవారుజామునే తాళంచెవి. స్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల పాత లాడ్జీల్లో ఈ ఇరవైనాలుగు గంటల పద్ధతి ఇంకా ఉంది. బెంజ్ సర్కిల్ వైపు కొత్త హోటళ్లలో అడిగితే మాత్రం పన్నెండనే చెప్పారు.

రూము సంగతికొస్తే, పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్టు ఉంది, కిటికీ తీస్తే ఎదురు మేడ గోడ. బాత్రూమ్ తలుపుకు ఒక కాగితం అంటించారు: వేణ్నీళ్లు ఉదయం 5 నుంచి 9 వరకు. మేం చేరింది నాలుగూ నలభైకి. అమ్మ ఆ కాగితం చదివి, “అయితే ఇరవై నిమిషాలు పడుకుంటా, లేపు” అని పడుకుంది. సైట్లలో హోటల్ గురించి రాసే వివరాల్లో ఈ సంగతి కనిపించలేదు. నక్షత్రాలు లెక్కపెట్టేకన్నా రివ్యూల్లో ‘వేణ్నీళ్లు’, ‘లిఫ్టు’, ‘పార్కింగ్’ అన్న మాటలు వెతుక్కోవడం మేలు.

సైట్లు దండగ అనడం లేదు. దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలానక్షత్రం నాడు ఊరు కిక్కిరిసిపోతుంది. అప్పుడు ఫోన్లో “ఉందిలెండి, రండి” అన్న మాటను నమ్ముకుని వెళ్లడం కష్టం. చేతిలో కన్ఫర్మేషన్ ఉండాలి, ఉచితంగా రద్దు చేసుకునే వీలుండాలి. హోటల్లోనే డబ్బు కట్టే ఏర్పాటు దొరికితే అది తీసుకోండి. రద్దు గడువు తేదీతోపాటు గంట కూడా చూసుకోండి. దర్శనం చేసుకుని పోవడమే పనైతే స్టేషన్‌లో రిటైరింగ్ రూములున్నాయి. టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో పన్నెండు గంటలకో, ఇరవైనాలుగు గంటలకో తీసుకోవచ్చు. కాకపోతే ఖాళీ దొరకాలి.

ఇక కారు. విజయవాడ నుంచి ఉండవల్లి గుహలు, మంగళగిరి పానకాలస్వామి, అమరావతి చూసుకుని సాయంత్రానికి గుంటూరు చేరాలి, అక్కడ మా పెదనాన్నగారి మనవడి పెళ్లి. ఊరు మారుతుంది కాబట్టి సైట్లలో అవుట్‌స్టేషన్ కింద చూపించారు: రోజుకు కనీసం 250 కిలోమీటర్లు, కిలోమీటరుకు 13, డ్రైవర్ బత్తా 400. అంటే 3,650. మేం తిరిగేది అందులో సగం కూడా లేదు. లాడ్జి పక్క ట్రావెల్స్‌లో 8 గంటలు, 80 కిలోమీటర్లకు 2,000, ఆపైన కిలోమీటరుకు 12 అన్నారు. కారు తిరిగొచ్చే కిలోమీటర్లు కూడా మా ఖర్చేనని ముందే చెప్పారు, ఒప్పుకున్నాం. మీటర్లో 92, ఖాళీగా వెనక్కి వెళ్లడానికి 35. అంతా కలిపి 2,564. కాజ టోల్ వేరుగా ఇచ్చాం. దాన్ని పక్కన పెడితే వెయ్యి పైన తేడా. ఇంతకీ ఇది ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండబట్టి. శ్రీశైలమో, భద్రాచలమో అయితే 250 లెక్కే నయం.

డ్రైవర్ కుర్రాడు బ్యారేజీ మీదుగా తీసుకెళ్లాడు. ఉండవల్లిలో మెట్లు చూసి అమ్మ వెనక్కి తగ్గబోతే, “పిన్నిగారూ, పడుకున్న స్వామిని చూడకుండా వెళ్తారా, నిదానంగా ఎక్కుదాం రండి” అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. కొండను తొలిచి చెక్కిన ఆ పెద్ద అనంతపద్మనాభుడి ముందు అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. అమరావతి చేరేసరికి అందుకే ఆలస్యమైంది. గంట ఎక్కువైనందుకు ఆ కుర్రాడు పైసా అడగలేదు, మేమే ఇచ్చాం.

గుంటూరులో మా బావకు కోటప్పకొండకు సొంతంగా నడుపుకుని వెళ్లాలని సరదా. ఒక యాప్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు చవగ్గా కనిపించింది. తీరా చూస్తే తెల్ల నంబరు ప్లేటు. అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. సొంత వాడకానికని ఇన్సూరెన్స్ చేసిన బండిని అద్దెకు తిప్పుతుండగా ఏదైనా జరిగితే కంపెనీ క్లెయిము కాదనే ప్రమాదముంది. రోజుకు నాలుగైదు వందల ఆదా కోసం ఆ తలనొప్పి ఎందుకని నేనన్నాను. బావ వినలేదు. కనీసం తాళంచెవి తీసుకునే ముందే బంపర్లు, డోర్లు, చక్రాలు, పెట్రోలు ముల్లు, కిలోమీటర్లు అన్నీ ఓనరు ఎదుటే వీడియో తీయించాను. బండి అప్పగించాక ఎడమ డోరు మీద గీత చూపించి 3,000 డిపాజిట్‌లో సగం ఆపారు. గీత వీడియోలో ఉంది. పంపిస్తే రెండోరోజు మొత్తం తిరిగొచ్చింది.

తిరుగు ప్రయాణానికి విజయవాడ స్టేషన్ చేరాలి. యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తే డ్రైవరు ఫోన్ చేసి, ఎక్కడికో కనుక్కుని రద్దు చేశాడు. మళ్లీ అదే జరిగింది. గుంటూరు, విజయవాడ మధ్య ఆర్టీసీ బస్సులకు కొదవేముంది? సామానుతో సహా బస్సెక్కి నెహ్రూ బస్టాండ్‌లో దిగి, అక్కడినుంచి స్టేషన్‌కు ఆటోలో వెళ్లిపోయాం.