డబ్బా మీద లూప్ ప్రొటెక్షన్ అని ఉంటే స్పానింగ్ ట్రీ ఉన్నట్టు కాదు, జాగ్రత్త

ఆఫీసు కోసం నాలుగు స్మార్ట్ స్విచ్‌లు (కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే, సెట్టింగ్స్ మార్చుకోగల పెట్టెలు) కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో లూప్ ప్రొటెక్షన్ అని ఉంది. స్పానింగ్ ట్రీ (కేబుళ్ల దారి గుండ్రంగా కలిసిపోయి లూప్ పడకుండా ఆపే ప్రామాణిక పద్ధతి) ఉందనే కదా అర్థం అనుకుని డేటాషీట్ తెరవలేదు. తప్పు నాదే.

మూడో వారం ఒకరోజు పొద్దున్నే నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. ఫోన్లు మూగబోయాయి, స్విచ్ లాగిన్ పేజీ కూడా రాలేదు. ర్యాక్ దగ్గరికి వెళ్తే పోర్టుల లైట్లన్నీ పూనకం వచ్చినట్టు మెరుస్తున్నాయి. కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఒకటి తీయగానే అన్నీ చల్లబడ్డాయి. దాన్ని పట్టుకుని వెళ్తే ఓ టేబుల్ కింద చిన్న స్విచ్. నేల మీద వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో పాపం సాయం చేద్దామని ఖాళీ పోర్టులో పెట్టారు. రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది! ఈథర్‌నెట్ ఫ్రేముకు (కేబుల్‌లో వెళ్లే డేటా మూటకు) టీటీఎల్, అంటే ఎన్ని అంచెలు దాటాక ఆగిపోవాలో చెప్పే లెక్క, ఉండదు కాబట్టి అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఒక్కటి చిక్కుకున్నా తిరుగుతూనే ఉంటుంది.

తర్వాత సెట్టింగ్స్ చూస్తే లూప్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి చూస్తే లైటు మెరుస్తుందే తప్ప పోర్టు మూసుకోదు. స్పానింగ్ ట్రీ మెనూ అసలు లేనే లేదు. అమ్మినవాళ్లను అడిగితే "రెండూ ఒకటేనండీ" అన్నారు.

కాదు. స్పానింగ్ ట్రీలో స్విచ్‌లు మామూలుగా 2 సెకన్లకోసారి బీపీడీయూలు అనే చిన్న సందేశాలు పంపుకుంటూ, తమలో ఒకదాన్ని రూట్‌గా (కేంద్రంగా) ఎన్నుకుని, అదనపు దారిని మూసి ఉంచుతాయి. అసలు దారి తెగితే దాన్నే తెరుస్తాయి. లూప్ ప్రొటెక్షన్ అంటే కంపెనీ సొంత ఫ్రేము వదిలి, అది తిరిగొస్తే పట్టుకోవడం. అయితే ఇదీ పనికిరానిది కాదు. టేబుల్ కింది చవక స్విచ్ బీపీడీయూలను మింగేస్తే స్పానింగ్ ట్రీకి ఆ లూప్ కనబడదు, అప్పుడు ఇదే దిక్కు. అందుకే రెండూ ఉన్నదే కొనండి. లూప్ దొరికితే పోర్టును మూస్తుందా, ఊరికే లైటు వేస్తుందా అనేది అడిగి రాయించుకోండి.

డేటాషీట్‌లో 802.1డబ్ల్యూ (త్వరగా తేరుకునే కొత్త రకం స్పానింగ్ ట్రీ) కోసం వెతకండి. పాత 802.1డి ఒక్కటే ఉంటే మార్పు వచ్చినప్పుడల్లా 30 నుంచి 50 సెకన్లు ఆగాలి. కంప్యూటర్లున్న పోర్టులకు బీపీడీయూ గార్డ్ (బీపీడీయూ వస్తే పోర్టును మూసేసేది) పెట్టండి. పక్కనే బీపీడీయూ ఫిల్టర్ ఉంటుంది, పేరు చూసి పొరబడి నొక్కితే ఆ పోర్టులో స్పానింగ్ ట్రీని ఆపేసినట్టే.

కొన్నాక నెట్‌వర్క్‌కి కలపకముందే, ఒక్క ల్యాప్‌టాప్ పెట్టి, ఒకే కేబుల్‌ను రెండు పోర్టుల్లో గుచ్చి చూడండి. వాపసు గడువు దాటకుండా చేయండి. నాకు గడువు దాటిపోయింది, నాలుగూ అటక మీదున్నాయి.